నలభై దాటాక మళ్లీ షటిల్: మొదటి ఆరు వారాలు

కాలేజీలో ఆడి, ఉద్యోగం, పిల్లల పెంపకంలో పడి వదిలేసి, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ రాకెట్ పట్టినవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే ఆగిపోతుంటారు. బద్ధకం వల్ల కాదు. పిక్క పట్టేస్తుంది, లేదా మోకాలు వాస్తుంది. షాట్లు చేతికి గుర్తుంటాయి గానీ ఒళ్లు అప్పటిది కాదు. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారిలో పడతాయి. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లకు మాత్రం నెలలు కావాలి. అందుకే ఆయాసం తగ్గిందని ఆట పెంచేసే మూడు, నాలుగు వారాల దగ్గరే ఎక్కువ జాగ్రత్త అవసరం.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లున్నవారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుండేవారు ముందు డాక్టర్‌ని కలవాలి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు కోర్టుకు వెళ్లేముందు గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. 90 కన్నా తక్కువుంటే ఒక చిన్న అరటిపండు తిని వెళ్లాలి. ఆట మధ్యలో చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ 70 దాటకపోతే ఇంకోసారి తాగాలి. ఆ రోజుకి ఆట అక్కడితో సరి.

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ముందు బూట్ల మీద, రాకెట్ మీద కాదు. రన్నింగ్ షూస్‌కు మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. పక్కకు అడుగేసినప్పుడు చీలమండ మడతపడేది అందుకే. గమ్ సోల్ (రబ్బరు అడుగు) ఉన్న, కోర్టు మీద మరకలు పడని నాన్ మార్కింగ్ బ్యాడ్మింటన్ షూస్ కొనండి. సాయంత్రం పూట, ఆడేటప్పుడు వేసుకునే సాక్సులతోనే కొలత చూసుకోండి. రాకెట్ 4యూ, అంటే 80 నుంచి 84 గ్రాములది చాలు. గట్టింగ్, అంటే రాకెట్ తీగల బిగింపు, 20 నుంచి 22 పౌండ్లు. పెద్ద ప్లేయర్లు 28 పైన వేయిస్తారని మీరూ అడగొద్దు. గట్టింగ్ బిగిసేకొద్దీ షటిల్ సరిగ్గా తగలాల్సిన చోటు చిన్నదవుతుంది, తగలని ప్రతి దెబ్బ అదురూ మోచేతికి చేరుతుంది. నైలాన్ షటిల్ అయితే ఆకుపచ్చ పట్టీ ఉన్నది, అంటే నెమ్మదైనది, తీసుకోండి. వేడిగాలిలో షటిల్ దూరం పోతుంది కాబట్టి మన ఎండలకు అదే సరిపోతుంది.

మొదటి రెండు వారాలు మ్యాచ్ వద్దు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో, సగం కోర్టులో 20 నిమిషాలు క్లియర్లు (ఎత్తుగా వెనక దాకా కొట్టేవి), డ్రాప్‌లు (నెట్ దగ్గరే పడేలా మెల్లగా కొట్టేవి). ఆడుతూ చిన్న వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మూడు, నాలుగు వారాల్లో డబుల్స్, రోజుకు రెండు గేములకు మించకుండా. ఐదు, ఆరు వారాల్లో మూడో రోజు కలపండి. గాల్లోకి ఎగిరి కొట్టే స్మాష్, సింగిల్స్ ఈ ఆరు వారాలూ పక్కన పెట్టండి. సిమెంటు కోర్టైతే ఆ తర్వాత కూడా ఎగరకపోవడమే మేలు.

కోర్టులోకి వెళ్లగానే నేరుగా సర్వీస్ చేసేయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. గంట స్లాట్ బుక్ చేశాం, వార్మప్‌కి ఎందుకు పోగొట్టుకోవాలనిపిస్తుంది. అందుకే స్లాట్‌కు పది నిమిషాల ముందే వెళ్లి బయటే చేసుకోండి: మూడు నిమిషాలు నెమ్మదిగా పరుగు, చీలమండలు తిప్పడం, కాళ్లు ముందుకీ పక్కకీ పది పది సార్లు ఊపడం, ఒక్కో కాలికి ఎనిమిది లంజ్‌లు (కాలు ముందుకేసి మోకాలు వంచడం), భుజాలు తిప్పడం. లంజ్‌లో మోకాలు పాదం వేళ్ల వైపే ఉండాలి. లోపలికి ఒరిగితే కొన్ని వారాల్లో మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. కండరం సాగదీసి పట్టి ఉంచే వ్యాయామాలు ఆట అయ్యాక.

ఆడని రోజుల్లో, వారానికి రెండుసార్లు, మెట్టు అంచున పాదాల ముందు భాగంతో నిలబడి గోడ పట్టుకుని మడమలు పైకెత్తండి. తర్వాత మూడు సెకన్లు తీసుకుంటూ మెల్లగా కిందికి దించాలి. 15 చొప్పున మూడు సార్లు. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం 12 చొప్పున రెండు సార్లు. మడమలెత్తే వ్యాయామాన్ని మానేసేవాళ్లే ఎక్కువ, కానీ మడమ వెనుక ఉండే అకిలీస్ టెండన్‌ను కాపాడేది ఇదే. అది తెగితే వెనకనుంచి ఎవరో తన్నినట్టనిపిస్తుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కినప్పుడు పాదం కదలకపోతే తెగినట్టే అనుకోవాలి. నడిపించకుండా అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

డబుల్స్‌లో ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. పార్ట్‌నర్ కొట్టిన షటిల్ కంటికి తగిలి చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. రాకెట్ ముఖం దగ్గర ఎత్తి పట్టుకుని చూపు నెట్ మీదే ఉంచాలి.

నొప్పిని పదికి లెక్కేసుకోండి. మూడు లోపు ఉండి, మర్నాటికి తగ్గితే ఆడొచ్చు. పొద్దున మెట్లు దిగేటప్పుడు ఎక్కువైతే ముందు రోజు ఆట ఎక్కువైందని అర్థం, ఈసారి మూడో వంతు తగ్గించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయాలి.

ఇక మనసు సంగతి. ఆట వల్ల నిద్ర, హుషారు బాగుపడతాయి, అయితే వేళ చూసుకోవాలి. రాత్రి పది గంటల స్లాట్ సులువుగా దొరుకుతుంది గానీ ఒంటి వేడి, మ్యాచ్ ఉద్రేకం తగ్గక నిద్ర పట్టదు. పడుకోవడానికి గంటన్నర ముందే ముగించండి. జట్టును ఎంచుకోవడం ఇంకా ముఖ్యం. పాయింటుకు పాయింటుకు పార్ట్‌నర్ మీద విసుక్కునేవాళ్లతో ఆడితే ఆఫీసు ఒత్తిడే కోర్టులోకీ వస్తుంది. మీ స్థాయి వాళ్లు నలుగురైదుగురు, రోజూ కాకుండా వారంలో ఖాయమైన రోజుల్లో కలుస్తుంటే ఆట ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆరో వారం తర్వాత కూడా మూడు రోజులు చాలు. మిగతా రోజుల్లో నడక, పైన చెప్పిన బలం పెంచే వ్యాయామాలు కొనసాగించండి.