పోలండ్ ప్రాంతీయ రాజలాంఛనాన్ని ఎలా చదవాలి? దిగువ సైలీషియా నల్ల గద్ద ఆధారంగా

1999 జనవరి 1 నుంచి పోలండ్‌లో 16 పరిపాలనా ప్రాంతాలు ఉన్నాయి. ప్రతి ప్రాంతానికీ సొంత రాజలాంఛనం ఉంది. చదవడం నేర్చుకోదలచినవారికి వాటిలో అనువైనది, వ్రోత్స్వాఫ్ నగరం రాజధానిగా నైరుతి మూలన ఉన్న దిగువ సైలీషియా లాంఛనం. బంగారు డాలుపై రెక్కలు చాచిన నల్ల గద్ద, దాని రొమ్ముపై వెండి నెలవంక, ఆ నెలవంక నడుమ చిన్న శిలువ ఉంటాయి.

ముందుగా కుడి ఎడమలు సరిచూసుకోవాలి. డాలు పట్టిన యోధుని వైపు నుంచే దిక్కులు లెక్కిస్తారు కనుక, మనకు ఎడమకు తిరిగినట్టు కనిపించే గద్ద తల లెక్క ప్రకారం కుడివైపు చూస్తున్నట్టే.

తరువాత రంగులను అడుగు పొర నుంచి పై పొరకు, అంటే డాలు నేలతో (వెనుక పరచిన రంగుతో) మొదలుపెట్టి చదవాలి. బంగారం, వెండి లోహాలు; నలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ వర్ణాలు. యుద్ధభూమిలో దూరం నుంచి గుర్తుపట్టేందుకు వీలుగా లోహంపై లోహాన్ని గానీ, వర్ణంపై వర్ణాన్ని గానీ ఉంచరాదన్నది నియమం. ఇక్కడ బంగారంపై నలుపు, నలుపుపై వెండి వరుసగా పేర్చి ఉండటం గమనించండి. నలుపు తెలుపు ముద్రణలో అయితే చుక్కలు బంగారాన్ని, నిలువు గీతలు ఎరుపును, అడ్డ గీతలు నీలాన్ని సూచిస్తాయి. వెండిని ఖాళీగా వదిలేస్తారు.

అసలు పని మూడవ మెట్టులో ఉంది. "ఈ రంగుకు అర్థమేమిటి?" అని కాక, "ఇది ఎవరి గుర్తు?" అని అడగాలి. బంగారమంటే ఔదార్యమనీ, నలుపంటే గాంభీర్యమనీ చెప్పే జాబితాలు తరువాతి రచయితలు చేర్చినవి. వాటిని పట్టుకుంటే చరిత్ర చేజారిపోతుంది. సైలీషియాను ఏలిన పియాస్ట్ వంశంలో బొలెస్వాఫ్, మ్యేష్కో అనే అన్నదమ్ముల నుంచి రెండు శాఖలు ఏర్పడ్డాయి. వ్రోత్స్వాఫ్‌ను ఏలిన అన్న శాఖకు బంగారంపై నల్ల గద్ద, ఒపోలె వైపు ఏలిన తమ్ముని శాఖకు నీలంపై బంగారు గద్ద గుర్తులయ్యాయి. తమ్ముని కుమారుడు కాజిమిర్ 1222 నాటి ముద్రపై గద్ద కనిపిస్తుంది. 1290లో మరణించిన వ్రోత్స్వాఫ్ పాలకుడు నాలుగవ హెన్రిక్‌ను గుర్రంపై చూపే 14వ శతాబ్దపు చిత్రం ఒకటి జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉంది. అందులోనూ బంగారంపై ఈ నల్ల గద్దే ఉంది. నేటి ఒపోలె, సైలీషియా ప్రాంతాల లాంఛనాల్లో తమ్ముని శాఖ బంగారు గద్ద నీలి నేలపై ఇంకా నిలిచి ఉంది.

ఆపైన, లేనివాటిని కూడా చూడాలి. 1295లో పోలండ్ రాజుగా పట్టాభిషిక్తుడైన రెండవ ప్షెమిస్వాఫ్ తన ముద్రపై గద్దకు కిరీటం పెట్టాడు. ఎర్ర నేలపై ఉండే పోలండ్ జాతీయ తెల్ల గద్దకు నేటికీ కిరీటం ఉంది. దిగువ సైలీషియా గద్దకు కిరీటం లేదు, ఎందుకంటే అది రాజ్యానిది కాదు, ఒక డ్యూక్ వంశానిది.

చివరగా చూసినదంతా నేల, బొమ్మ, భంగిమ, చిన్న గుర్తులు అనే వరుసలో ఒక్క వాక్యంగా రాయండి: "బంగారు నేలపై రెక్కలు చాచి కుడివైపు చూస్తున్న నల్ల గద్ద, రొమ్ముపై నడుమ శిలువ గల వెండి నెలవంక." లాంఛనాన్ని ఎన్నడూ చూడనివారు ఆ వాక్యం చదివి బొమ్మ గీయగలిగితే మీ పఠనం సరైనదే.