డీ లైబ్రరీని రన్‌టైమ్ లేకుండా ఆండ్రాయిడ్‌కి కంపైల్ చేయడం

డీ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఇమేజ్ ఫిల్టర్ లాంటి చిన్న లైబ్రరీ కోసం డీ రన్‌టైమ్‌నీ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వెనక పనిచేసే సహాయక కోడ్), దాని గార్బేజ్ కలెక్టర్‌నీ (వాడని మెమరీని తనే ఖాళీ చేసేది) ఏపీకేలోకి, అంటే యాప్ ఫైల్‌లోకి ఎక్కించనక్కర్లేదు. డీ కంపైలర్ ఎల్‌డీసీలో రన్‌టైమ్ లేకుండా కంపైల్ చేసే బెటర్‌సీ మోడ్, సీ లాంటి భాషల కోడ్‌ని ఆండ్రాయిడ్‌కి తయారుచేసే ఎన్‌డీకే కిట్ ఉంటే సరిపోతుంది.

ఈ మోడ్‌లో మామూలు డీ క్లాసులు, ఎక్సెప్షన్లు, అర్రేకి ~= తో చేర్చడం, మాడ్యూల్ కన్‌స్ట్రక్టర్లు ఉండవు. స్ట్రక్టులు, టెంప్లేట్లు, స్లైసులు ఉంటాయి. మెమరీని సీ ఫంక్షన్ మాలాక్‌తో తీసుకోవాలి. డిస్ట్రక్టర్లు (స్ట్రక్ట్ పని ముగిసినప్పుడు నడిచే కోడ్) పనిచేస్తాయి కాబట్టి మెమరీని తిరిగి ఇచ్చే ఫ్రీని అందులోనే పెట్టేయండి.

జావా పిలిచే ఫంక్షన్‌ని ఎక్స్‌టర్న్ సీగా రాసి, పేరుని జేఎన్‌ఐ (జావా నుంచి నేటివ్ కోడ్‌ని పిలిచే ఏర్పాటు) పద్ధతిలో జావా, ప్యాకేజీ, క్లాస్, మెథడ్ వరుసలో అండర్‌స్కోర్లతో కలపండి. అసలు పేరులోనే అండర్‌స్కోర్ ఉంటే దాని తర్వాత 1 చేర్చాలి. ఇది తప్పితే కంపైలర్ ఏమీ అనదు, ఫోన్‌లో మాత్రం అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్ వస్తుంది.

ఎల్‌డీసీ2కి బెటర్‌సీ ఫ్లాగ్, ఎంట్రిపుల్‌గా (ఏ ప్రాసెసర్, ఏ సిస్టమ్ కోసమో చెప్పేది) ఏఆర్చ్64--లైనక్స్-ఆండ్రాయిడ్, రీలొకేషన్ మోడల్‌గా పిక్ (మెమరీలో ఎక్కడ లోడైనా నడిచే కోడ్), చివర -సీ ఇస్తే ఆబ్జెక్ట్ ఫైల్ వస్తుంది. లింకింగ్‌ని ఎన్‌డీకే బిన్ ఫోల్డర్‌లో పేరు చివర ఆండ్రాయిడ్29-క్లాంగ్ అని ఉండే కంపైలర్‌తో, షేర్డ్ ఫ్లాగ్ పెట్టి చేయండి. ఆండ్రాయిడ్ వాడే బయోనిక్ సీ లైబ్రరీ ఎక్కడుందో దానికి తెలుసు.

ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. షేర్డ్ లైబ్రరీలో దొరకని సింబల్ (ఫంక్షన్ లేదా వేరియబుల్ పేరు) ఉన్నా లింకర్ మామూలుగా ఊరుకుంటుంది, యాప్ లోడ్ అయ్యేటప్పుడు ఫోన్‌లో పడిపోతుంది. లింకర్‌కి నో-అన్‌డిఫైన్డ్ ఫ్లాగ్ తప్పకుండా ఇవ్వండి. అప్పుడు వచ్చే ఎర్రర్లో పేరు అండర్‌స్కోర్, చిన్న డీ, మళ్లీ అండర్‌స్కోర్‌తో మొదలైతే మీ కోడ్ ఎక్కడో రన్‌టైమ్‌ని అడుగుతోంది. అండర్‌స్కోర్, పెద్ద డీతో మొదలై లోపల ఎస్‌టీడీ కనిపిస్తే అది డీ ప్రామాణిక లైబ్రరీ ఫోబోస్‌లోని ఫంక్షన్. దాన్ని మీరే రాసుకోవడం మేలు.

పైన 29 అన్నది ఊరికే కాదు. డీలో మాడ్యూల్ స్థాయి వేరియబుల్ ఏ థ్రెడ్‌కి ఆ థ్రెడ్‌దే. ఆండ్రాయిడ్‌లో ఇలా థ్రెడ్‌కొకటి ఉంచే ఈఎల్ఎఫ్ టీఎల్ఎస్ సదుపాయం ఏపీఐ 29, అంటే ఆండ్రాయిడ్ 10 నుంచే ఉంది. పాత ఫోన్లు కూడా కావాలంటే అలాంటి వేరియబుల్స్ అన్నిటినీ జీషేర్డ్ (అన్ని థ్రెడ్లకీ ఉమ్మడిగా ఒకటే) చేసి, థ్రెడ్ల మధ్య లాకులు మీరే చూసుకోవాలి.

ప్రింట్‌ఎఫ్ రాసింది ఆండ్రాయిడ్ లాగ్ చూపే లాగ్‌క్యాట్‌లో కనిపించదు. ఆండ్రాయిడ్ లాగ్ ప్రింట్ ఫంక్షన్ వాడి, లింక్‌లో -ఎల్‌లాగ్ చేర్చండి. డీ స్లైస్ చివర సున్నా బైట్ ఉండదు కాబట్టి %.*ఎస్ ఫార్మాట్‌తో పొడవు కూడా పంపాలి.

ఎన్‌డీకే 27 గానీ అంతకన్నా పాతది గానీ వాడుతుంటే లింకర్‌కి మ్యాక్స్-పేజ్-సైజ్‌ని 16384గా ఇవ్వండి, లేకపోతే 16 కేబీ పేజీల ఫోన్లలో లైబ్రరీ లోడ్ కాకపోవచ్చు. 28 నుంచి అదే డిఫాల్ట్. తయారైన ఎస్ఓ ఫైల్‌ని (షేర్డ్ లైబ్రరీని) జేఎన్ఐలిబ్స్ కింద ఆర్మ్64-వీ8ఏ ఫోల్డర్‌లో పెట్టండి.