తుంటి ఆపరేషన్ తర్వాత ఇంట్లో వచ్చే చిక్కులు: మనిషికన్నా ముందు ఇంటిని అనుమానించండి

మా అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగింది. ఇంటికి తెచ్చిన నాలుగో రోజున ఆమె మీద కేకలు వేశాను. నీళ్ళు తాగదు, లేవదు, లేపబోతే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. అంతా మొండితనం అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే వాకర్ పట్టుకుని మంచం దగ్గరనుంచి బాత్రూము దాకా నేనే నడిచి చూశాను. దారిలో రెండు గడపలు, కాళ్ళు తుడుచుకునే పట్టా ఒకటి, నేల మీద సాగిన ఫ్రిజ్ వైరు. చివరకు బాత్రూము గుమ్మంలో వాకర్ ఇరుక్కుపోయింది. అమ్మ మీద వేసిన కేకలు ఇంటి మీద వేయాల్సింది.

ముందుగా ఒక మాట. ఎముకకు రాడ్డు వేశారా, స్క్రూలు బిగించారా, తుంటి కీలులోని బంతి భాగాన్ని మార్చారా అన్నది డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. కాలు మీద ఎంత బరువు మోపవచ్చో, తుంటిని ఎంత వంచవచ్చో దాన్నిబట్టే డాక్టరు చెబుతారు. పక్కింటి అత్తగారికి చెప్పిన జాగ్రత్తలు మీ అమ్మగారికి సరిపోకపోవచ్చు. బంతి మార్చినవారికి తొలి వారాల్లో తరచుగా చెప్పేవి మూడు: తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ఆ పాదాన్ని లోపలికి తిప్పకూడదు.

నీళ్ళు తాగడం మానేశారు

గ్లాసు నిండుగా అలాగే ఉంటుంది. మూత్రం ముదురు రంగులో వస్తుంది, మంట అంటారు. మూడు రోజులుగా విరేచనం ఉండదు.

కారణం దాహం లేకపోవడం కాదు. నీళ్ళు తాగితే లేవాలి, లేస్తే నొప్పి. పైగా అర్ధరాత్రి కొడుకునో కోడలినో నిద్ర లేపాలి. ఆ మొహమాటం నొప్పికన్నా పెద్దది. నొప్పి మాత్రల్లో కొన్నింటికి మలబద్ధకం తెచ్చే గుణం ఉండటంతో అదీ తోడవుతుంది.

మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేయండి. చేతులున్నది, కాళ్ళకు రబ్బరు తొడుగులున్నది తీసుకోండి. చక్రాలుంటే వాటికి తాళం పడాలి. ఆపరేషన్ కాని కాలు వైపు ఉంచితే మంచం మీదనుంచి దానిలోకి మారడం సులువు. మేము ఇంతవరకు చేశాక కూడా అమ్మ దాన్ని ముట్టుకోలేదు. రెండు రోజులకు మా ఆవిడ అడ్డంగా తాడు కట్టి పాత చీర వేలాడదీసింది. ఆ సాయంత్రం నుంచే అమ్మ నీళ్ళు అడిగి తాగింది. సిగ్గు అనేది ఒకటుందని కొడుకులకు ఆలస్యంగా తడుతుంది.

పిలవడానికి పూజగదిలోని గంట తెచ్చి తలగడ పక్కన పెట్టాం. ఫోను చేయమంటే చేయని మనిషి గంట మాత్రం కొట్టింది. ఇక మజ్జిగ, రాగి జావ, పీచు ఉన్న కూరలు పెట్టండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఎన్ని నీళ్ళు ఇవ్వవచ్చో డాక్టరునే అడగండి. మంట తగ్గకపోయినా, జ్వరం వచ్చినా మూత్ర పరీక్ష చేయించాలి.

బాత్రూము గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు

వాకర్ వెడల్పు దాదాపు రెండు అడుగులు. బాత్రూము గుమ్మం రెండున్నర అడుగులని కాగితం మీద ఉన్నా, దర్వాజా చట్రం, పూర్తిగా తెరుచుకోని తలుపు కలిసి కొంత మింగేస్తాయి. టేపు పెట్టి ఖాళీ జాగా మాత్రమే కొలవండి. చాలకపోతే కొన్ని నెలలపాటు తలుపు ఊడదీసి పరదా కట్టడమే తేలికైన దారి. తలుపు ఉంచాలనుకుంటే లోపలి గడియ తీసేయండి. అయినా లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే బయటనుంచి తోయలేం.

బాత్రూము నేల గదికన్నా అంగుళమో రెండో కిందికి ఉంటుంది. వాకర్‌తో అది గొయ్యితో సమానం. వడ్రంగితో వాలు పలక చేయించండి. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. దానికి చోటు లేకపోతే మెట్టు దిగే పద్ధతి నేర్చుకోవాలి: దిగేటప్పుడు వాకర్, తర్వాత దెబ్బ తగిలిన కాలు, ఆపై మంచి కాలు. ఎక్కేటప్పుడు వాకర్, తర్వాత మంచి కాలు, ఆపై దెబ్బ తగిలిన కాలు. మొదటిసారి ఫిజియోథెరపిస్టు పక్కన ఉండగానే చేయించండి.

టవలు తగిలించే కడ్డీని పట్టుకుని లేవనివ్వకండి, అది మనిషి బరువుకు ఊడివస్తుంది. గట్టి గోడకు స్టీలు కడ్డీ బిగించి, ముందు మీరే మీ బరువంతా వేసి లాగి చూడండి. స్నానానికి చేతులున్న ఎత్తు కుర్చీ కావాలి. బకెట్ నేల మీద ఉంటే చెంబు ముంచడానికి నడుము వంగుతుంది కాబట్టి దాన్ని కూడా స్టూలు మీదికి ఎక్కించాలి. నేల మీద కూర్చునే లెట్రిన్ ఒక్కటే ఉన్న ఇంట్లో దాని మీద కమోడ్ కుర్చీ వేయాల్సిందే.

కూర్చున్నచోటు నుంచి లేవలేకపోతున్నారు

బలం లేక అనుకుంటాం. నిజానికి నవారు మంచం కుంగిపోయి ఉంటుంది, సోఫా అంతకన్నా లోతు. కూర్చున్నప్పుడు తుంటి మోకాలికన్నా కాస్త ఎత్తులో ఉండాలి. నవారు మీద చెక్క పలక, దానిమీద గట్టి పరుపు వేయండి. మంచం ఎత్తు పెంచడానికి కాళ్ళ కింద ఇటుకలు పెట్టకండి, జరుగుతాయి. మంచం కాలు దిగేలా గుంట తీసిన చెక్క దిమ్మెలు చేయించండి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది. చేతులున్న చెక్క కుర్చీని గోడకు ఆనించి వేయండి.

లేవగానే కళ్ళు తిరుగుతున్నాయి

ఎక్కువసేపు పడుకున్నవారు ఒక్కసారిగా నిలబడితే రక్తపోటు పడిపోతుంది. మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. అయినా తగ్గకపోతే బీపీ మందుల సంగతి డాక్టరుతో మాట్లాడండి.

నడకలో తడబాటు

నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి వాకర్ పిడి రావాలి. వాకర్ కాళ్ళ రబ్బరు బుష్షులు అరిగితే పాలిష్ టైల్స్ మీద జారుతాయి. మందుల దుకాణంలో దొరికేవే, మార్చండి. చీర కుచ్చిళ్ళు వాకర్ కాలి కింద పడతాయి, కొన్నాళ్ళు చీలమండకు పైన ఆగే నైటీయే మేలు. హవాయి చెప్పులు కాకుండా వెనక పట్టీ ఉన్నవి వేయండి. పట్టాలన్నీ ఎత్తేయండి. నేల తుడిచాక ఆరేవరకు ఆమెను లేపవద్దు.

ఇక పలకరింపులకు వచ్చేవారు. యాపిల్స్ తెస్తారు, సంతోషం. కానీ చెప్పులు గుమ్మంలోనే విడుస్తారు, కుర్చీలు దారిలోకి లాగుతారు, పోతూ పోతూ నూనె మర్దన, నాటు కట్టు సలహా ఇస్తారు. యాపిల్స్ మాత్రం ఉంచుకోండి.

రాత్రిపూట పొంతన లేని మాటలు

చనిపోయిన అమ్మమ్మ వచ్చిందంటుంది, ఇది మన ఇల్లు కాదంటుంది. గాలి సోకిందనీ, మతి పోయిందనీ ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. వయసు పైబడినవారిలో ఆపరేషన్ తర్వాత ఇది తరచుగా కనిపిస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గడం, మలబద్ధకం, కొన్ని మందులు కారణం కావచ్చు. అదే రోజు డాక్టరుకు చెప్పండి. ఇంట్లో మీరు చేయగలిగింది: కళ్ళద్దాలు, వినికిడి యంత్రం పెట్టడం, కనబడేచోట గడియారం, రాత్రంతా చిన్న దీపం. కరెంటు పోయినా ఆ దీపం వెలిగేలా ఇన్వర్టర్ లైనులో పెట్టించండి.

మడమ ఎర్రబడింది

పరుపుకు నొక్కుకుని వచ్చే పుండుకు ఇది తొలి గుర్తు. పిక్క కింద మెత్తని దిండు పెట్టి మడమ గాలిలో ఉండేలా చూడండి. పడుకుని ఉన్నప్పుడు రెండు గంటలకోసారి భంగిమ మార్చాలి. పక్కకు తిప్పితే మోకాళ్ళ మధ్య దిండు ఉండాలి. ఎరుపెక్కినచోట రుద్దకండి.

ఇంటి మార్పులతో తీరనివి

ఒక పిక్క వాచి, వేడెక్కి, నొప్పిపెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని పిసకకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108కి ఫోను చేయాలి. హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చి కాలు పొట్టిగా, పక్కకు తిరిగి కనిపిస్తే కీలు తప్పి ఉండవచ్చు, లేదా మళ్ళీ విరిగి ఉండవచ్చు. లాగి సరిచేయబోకుండా ఉన్నచోటే కదలకుండా ఉంచి 108కే ఫోను చేయండి. కుట్ల దగ్గర చీము, ఎరుపు, జ్వరం కనిపిస్తే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఆ రోజే చూపించాలి. డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీ, ఆధార్ కార్డు ఒక సంచిలో పెట్టి మంచం తల వైపు మేకుకు తగిలించండి.