పశువుల హెర్పిస్ వైరస్‌ను జన్యువుతో గుర్తుపట్టడం, 5వ పాఠం: గీత రాకపోతే, గీత వస్తే

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన జెల్ ఫోటోల్లో చాలావాటిలో గీత (పీసీఆర్ వైరస్ జన్యువు ముక్కను లెక్కలేనన్ని ప్రతులు చేస్తే జెల్ మీద కనిపించే పట్టీ) లేదు. దానికేం ఫర్వాలేదు. కానీ ఆ ఖాళీ జెల్ కింద "మందలో ఐబీఆర్ లేదు" అని రాసి రైతుకు చెప్పేశారు చూడండి, అది తప్పు. ఐబీఆర్ అంటే ఈ వైరస్ తెచ్చే ముక్కు, శ్వాసనాళాల జబ్బు. అందుకే సీక్వెన్సింగ్‌కు, అంటే జన్యువు అక్షరాలు చదవడానికి, వెళ్లేముందు ఈ లెక్క తేల్చుకుందాం.

బోవైన్ హెర్పిస్ వైరస్-1 ఒకసారి పశువులో చేరితే జీవితాంతం వదలదు. జ్వరం తగ్గాక ముఖానికి వెళ్లే ట్రైజెమినల్ నరం ముడిలో నక్కి కూర్చుంటుంది. అప్పుడు ముక్కులో ఎంత స్వాబ్ తిప్పినా మామూలుగా ఏమీ దొరకదు. ఎలైసా (రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష) పాజిటివ్, పీసీఆర్ నెగెటివ్ వచ్చిందని కంగారుపడిన వాళ్లకు ఇదే జవాబు: రెండూ నిజమే. స్వాబ్ తీయాల్సింది ముక్కు నీళ్లలా కారే మొదటి రోజుల్లో. చిక్కటి పచ్చ చీమిడి పడే దాకా ఆగితే బాక్టీరియా రాజ్యం మొదలైపోయి ఉంటుంది.

నక్కిన వైరస్ పశువుకు ఒత్తిడి తగిలినప్పుడు మళ్లీ లేవవచ్చు. కోనసీమ లంకల్లో వరదప్పుడు గేదెలను ఏటిగట్టు మీదికి తోలి, మేత సరిగా లేక, నాలుగైదు ఊళ్ల పశువులను ఒకేచోట కట్టేస్తారు. ఇంతకంటే ఒత్తిడి ఏముంటుంది? ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు. ఆ వార్త వినగానే స్వాబ్‌లు, ఐస్ బాక్సు సిద్ధం చేసుకోమంటాను. డెక్సామెథసోన్ (స్టెరాయిడ్ మందు) ఇచ్చి వైరస్‌ను లేపొచ్చు కదా అని ఒకరు అడిగారు. అది ప్రయోగశాల పని. రైతు చూడి గేదెకు ఇచ్చారంటే ఈసుకుపోతుంది, ఆ తర్వాత మీరు ఆ ఊరికి వెళ్లలేరు.

గీత రాకపోవడానికి ఇంకో కారణం రసాయనానిది. ఈ వైరస్ జన్యువు సుమారు 1,35,000 బేస్ జతలు. అందులో గ్వానిన్, సైటోసిన్ వాటా 72 శాతం దాకా ఉంటుంది కాబట్టి పోగులు తేలిగ్గా విడిపోవు. అవి విడిపోవడానికి నేను పీసీఆర్ మిశ్రమంలో 5 శాతం డీఎంఎస్ఓ కలుపుతాను. బీటైన్ వాడే వాళ్లూ ఉన్నారు, నాకు అలవాటు లేదు. ప్రతి నమూనాకూ పశువు సొంత యాక్టిన్ జన్యువును కూడా నడపండి. ఆ గీత కూడా రాలేదంటే మీ నమూనాయే పాడైనట్టు, అలాంటి నెగెటివ్‌కు విలువ లేదు.

ఇక గీత వచ్చిన వాళ్ల సంగతి. జెల్ ముక్క కోసి, శుద్ధి చేసి, రెండు వైపుల నుంచీ శాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపడం మీకు తెలుసు.

ఫైలు రాగానే బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్సులతో పోల్చే సాఫ్ట్‌వేర్‌లో) పడేసి "98 శాతం" అంటూ సంబరపడుతున్నారు. ఆగండి. ఆ ముక్క రెండు చివర్లూ వైరస్‌వి కావు, మీరు డబ్బు పెట్టి కొన్న ప్రైమర్లవి (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు). వైరస్‌లో ఆ చోట తేడా ఉన్నా, ప్రైమర్ అతుక్కుంటే చాలు, ముక్కలో ప్రైమర్ అక్షరాలే అచ్చవుతాయి. ఒక లెక్క చూడండి. ముక్క 150 బేస్‌లు, ప్రైమర్లు 20 చొప్పున 40. మూడు తేడాలున్నాయనుకుంటే 150కి 98 శాతం వస్తుంది. 40 తీసేస్తే మిగిలేది 110, అప్పుడు 97.3. కొంపేమీ మునగలేదు కదా అంటారు. కానీ పోలిక చూసే పట్టికలో ఆ 40 చోట్లా తేడా లేనట్టే నమోదవుతుంది. పది మంది అవే ప్రైమర్లు వాడి అందరూ చివర్లు కత్తిరించకుండా జమచేస్తే, పది నమూనాలూ ఒకే తల్లి పిల్లల్లా కనిపిస్తాయి. ముందు కత్తిరించండి, తర్వాతే బ్లాస్ట్. శాతం పక్కన కవరేజీ కూడా చూడండి. ముక్కలో సగమే పోలిన 99 శాతాన్ని నేను నమ్మను.

మన డెల్టాలో గేదెలే ఎక్కువ కాబట్టి ఇంకో చిక్కుంది. గేదెలకు సొంతంగా బ్యూబలైన్ హెర్పిస్ వైరస్-1 ఉంది, అది జన్యుపరంగా బోవైన్ హెర్పిస్ వైరస్-5కు దగ్గర. మామూలు ఎలైసా దీన్నీ బోవైన్-1నూ విడదీయలేదు. గ్లైకోప్రొటీన్-బి (వైరస్ పైపొర ప్రొటీన్) జన్యువు ఈ బంధువులన్నిటిలో పెద్దగా మారదు కాబట్టి పసిగట్టడానికి బాగా పనికొస్తుంది. తేడా చూడటానికి నేను గ్లైకోప్రొటీన్-సి తీసుకుంటాను. గేదె నమూనాలో బి గీత ఒక్కటే చూసి ఐబీఆర్ అని రాయకండి. బోవైన్-1లోని 1.1, 1.2 ఉపరకాల మాట ఇంకా దూరం. ఆ రెండూ తేడాపడే చోట్లు మీ ముక్కలో లేకపోతే చెట్టు (వైరస్‌ల వంశవృక్షం) గీసినా లాభం లేదు.

అభ్యాసం కాస్త కష్టమే, తిట్టుకోకండి. జెన్‌బ్యాంక్ (అందరికీ తెరిచి ఉన్న సీక్వెన్సుల భండారం) నుంచి బోవైన్-1 రకాలైన కూపర్, కె22, బోవైన్-5 ఎన్569, గేదె వైరస్ బి6 గ్లైకోప్రొటీన్-సి సీక్వెన్సులు వెతికి తెచ్చుకోండి. బయటి బంధువుగా పందుల సూడోరేబిస్ వైరస్‌ను చేర్చండి. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలో 60 బేస్‌లు కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి, తేడాలు చేత్తో లెక్కపెట్టండి. తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరవండి. కాగితం లెక్క, సాఫ్ట్‌వేర్ లెక్క కలవకపోతే ఎక్కడ కలవలేదో రాసి పంపండి. చెట్టు బొమ్మ ఒక్కటే పంపితే నేను చూడను.