ర్యామ్ పెంచాలా, వద్దా? సిస్టమ్ నెమ్మదించినప్పుడు చూడాల్సినవి

సిస్టమ్ స్లో అయిందనగానే ఎవరైనా ఇచ్చే మొదటి సలహా ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు తాత్కాలికంగా ఉండే మెమరీ) వేయించుకోమనే. చాలాసార్లు అసలు దోషి పాత హార్డ్ డిస్క్. కాబట్టి డబ్బు తీసే ముందు కొలిచి చూసుకోవాలి.

ముందు కొలత

సిస్టమ్ సరిగ్గా ఇబ్బంది పెడుతున్నప్పుడే చూడండి. క్రోమ్ ట్యాబులు, ఎక్సెల్, పిల్లల జూమ్ క్లాసు, ఇలా రోజూ తెరిచేవన్నీ తెరిచి ఉంచాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆపై మెమరీ.

అక్కడ కనిపించే శాతం చూసి కంగారు పడొద్దు. 8 జీబీ సిస్టమ్‌లో 70 శాతం వాడకం మామూలే. చూడాల్సినవి అవైలబుల్, కమిటెడ్ అనే రెండు అంకెలు. కమిటెడ్ దగ్గర 12.6/14.9 అని ఉందనుకోండి: ప్రోగ్రాములకు విండోస్ ఇస్తానని ఒప్పుకున్న మెమరీ 12.6 జీబీ, మొత్తం హద్దు 14.9 జీబీ. ఆ హద్దులో 8 జీబీ అసలు ర్యామ్, మిగతాది పేజ్ ఫైల్, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే డిస్క్ మీది చోటు. అవైలబుల్ అదే సమయంలో 400 ఎంబీకి పడిపోయి ఉంటే కొరత ఉందనడానికి అది గట్టి సూచన.

ఇంకా అనుమానముంటే స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతికి, మెమరీ ట్యాబులో హార్డ్ ఫాల్ట్స్ (కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తెచ్చుకోవడం) గ్రాఫ్ చూడండి. ప్రోగ్రాం తెరిచినప్పుడు ఒక్కసారి ఎగబాకితే ఫర్వాలేదు. పని చేస్తున్నంతసేపూ సెకనుకు వందల్లోనే నడుస్తుంటే ర్యామ్ చాలక విండోస్ డిస్క్ చుట్టూ తిరుగుతోందన్నమాట.

ఆన్ చేశాక ఐదు నిమిషాలు కదలదు, ఏ ఫోల్డర్ తెరిచినా తిరుగుతూనే ఉంటుంది

టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర అంటుకుపోయి, మెమరీలో మాత్రం రెండు మూడు జీబీలు ఖాళీ ఉన్నాయా? ఇది హార్డ్ డిస్క్ సమస్య. తిరిగే డిస్క్ సెకనుకు వంద చిన్న రీడ్‌లు చేయడమే గొప్ప. తిరిగే భాగాలు లేకుండా చిప్‌ల మీదే డేటా దాచే సాటా ఎస్‌ఎస్‌డీ వేలల్లో చేస్తుంది. 240 లేదా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్‌ను దాని మీదికి మార్చి, పాత డిస్కును ఫొటోలకు, సినిమాలకు ఉంచుకోండి. డెస్క్‌టాప్ అయితే సాటా కేబుల్ విడిగా కొనాల్సి రావచ్చు. ఇలాంటి సిస్టమ్‌లో 16 జీబీ ర్యామ్ వేసినా బూటింగ్ అంతే నెమ్మదిగా ఉంటుంది.

ట్యాబ్ మారిస్తే పేజీ మళ్లీ లోడవుతుంది, జూమ్‌లో ఉండగా వర్డ్ తెరిస్తే మాట తెగుతుంది

ర్యామ్ కొరతకు అసలైన లక్షణాలివి. అయితే క్రోమ్ సెట్టింగుల్లో మెమరీ సేవర్ ఆన్‌లో ఉంటే వాడని ట్యాబులను అదే నిద్రపుచ్చుతుంది. ముందు దాన్ని ఆపి చూడండి. టాస్క్ మేనేజర్ స్టార్టప్ జాబితాలో అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. అప్పటికీ అవైలబుల్ అడుగంటుతుంటే ర్యామ్ పెంచాల్సిందే.

ఎంత? 4 జీబీ ఉంటే 8కి పెంచడం తప్పనిసరి. విండోస్ 11 అడిగే కనీసం 4 జీబీయే అయినా, దాంతో నెట్టుకురావడం కష్టం. 8 నుంచి 16కి పెంచడం ఎక్కువ ట్యాబులు, ఫొటోషాప్, కోడింగ్ ఉన్నవాళ్లకు పనికొస్తుంది. 32 జీబీ వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకు తప్ప ఇంటికి దండగ.

పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి మొరాయిస్తుంది

ప్రాసెసెస్‌లో మెమరీ కాలమ్ మీద నొక్కి వరస మార్చండి. పొద్దున 500 ఎంబీ తిన్న ప్రోగ్రాం అదే పనికి సాయంత్రం 3 జీబీ తింటుంటే అది మెమరీ లీక్. దాన్ని అప్‌డేట్ చేయాలి, లేదా మార్చాలి. ర్యామ్ పెంచితే సాయంత్రం కాస్తా రాత్రి అవుతుంది, అంతే.

గేమ్ ఆగి ఆగి నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు లేదు

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ (ర్యామ్ గుచ్చే చోట్లు) దగ్గర రెండింటిలో ఒకటే నిండినట్టు చూపిస్తోందా? విడి కార్డు లేకపోతే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒక్క స్టిక్‌తో (ర్యామ్ పట్టీతో) దారి ఇరుకు. అలాంటిదే ఇంకో స్టిక్ వేస్తే రెండు దారులు ఒకేసారి పనిచేసే డ్యుయల్ చానల్ అవుతుంది, గేముల్లో తేడా కంటికి తెలుస్తుంది.

8 జీబీ వేయించినా 3 చిల్లరే చూపిస్తోంది

సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో 32 బిట్ అని ఉంటే కారణం అదే. మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి వాడలేదు. 64 బిట్‌కు మారాలంటే ఫైళ్లన్నీ బ్యాకప్ తీసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. 64 బిట్టే అయితే స్టార్ట్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని వెతికి తెరిచి, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ మెమరీ టిక్ తీసేయండి. అదీ కాకపోతే ఒక స్టిక్ సరిగ్గా కూర్చోలేదేమో చూడండి.

కొనేటప్పుడు

ల్యాప్‌టాప్ అయితే ముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ఫామ్ ఫ్యాక్టర్ చూడండి. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకే అతికి ఉన్నట్టు. వేరే ఖాళీ స్లాట్ ఉందో లేదో మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసుకోవాలి, లేకపోతే ఆ ఆలోచన మానుకోవాలి. ఎంత వరకు పెంచుకోవచ్చో కూడా అక్కడే తెలుస్తుంది.

ర్యామ్ తరాలైన డీడీఆర్3, 4, 5 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు, కింది గాటు వేరే చోట ఉంటుంది. వేర్వేరు స్పీడులవి కలిపితే రెండూ తక్కువదాని స్పీడుకే నడుస్తాయి. డీడీఆర్3 కాలం ల్యాప్‌టాప్‌లలో కొన్ని 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే తీసుకుంటాయి. ఆన్‌లైన్‌లో మరీ చవకగా దొరికే 8 జీబీ డీడీఆర్3 స్టిక్కుల్లో ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి. ఇంటెల్ బోర్డులో పెడితే డిస్‌ప్లే రాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, మీ ఊరి షాపులోనైనా, పాత స్టిక్ వెంట తీసుకెళ్లి లేబుల్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. సరిపడకపోతే వాపసు తీసుకుంటారా అని అప్పుడే అడిగేయండి.

వేశాక డిస్‌ప్లే రావట్లేదు, బీప్ కొడుతోంది

ఆపేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి మొదలుపెట్టండి. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును మెత్తని రబ్బరుతో తుడిచి, పొడి మొత్తం దులిపేయండి. గాటు కుదిరాక రెండు చివర్లా నొక్కితే క్లిక్ మనాలి. ఒక్కో స్టిక్‌ను విడిగా పెట్టి చూస్తే తప్పు స్టిక్‌దో స్లాట్‌దో తేలిపోతుంది. నాలుగు స్లాట్లుంటే రెండు స్టిక్కులను సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగులో పెట్టాలి. కొత్త డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు చీకటి స్క్రీన్‌తోనే ఉంటాయి, మధ్యలో ఆపకండి.

డిస్‌ప్లే వచ్చాక స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ తెరిచి పరీక్ష నడపండి. ఒక్క ఎర్రర్ చూపించినా ఆ స్టిక్‌ను వాడొద్దు, వారంటీలో ఉండగానే మార్పించుకోండి.