రోజూ వెళ్తాను అంటే 'ఐ విల్ గో' కాదు: పెద్దయ్యాక ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళ సమస్యలు - పరిష్కారాలు

సాయంత్రం బ్యాచ్‌కి వచ్చేవాళ్ళలో బ్యాంకు ఉద్యోగులుంటారు, మెడికల్ షాపు నడిపేవాళ్ళుంటారు, కూతురి కాన్పుకి అమెరికా వెళ్ళబోతున్న అమ్మలుంటారు. మొదటిరోజు అందరూ చెప్పేది ఒకటే, "సార్, నా గ్రామర్ వీక్." తీరా పది నిమిషాలు మాట్లాడించి చూస్తే ఒక్కొక్కరూ చేసే తప్పులు పది రకాలకు మించవు, పైగా అవే పది అందరిలోనూ ఉంటాయి. ఎందుకంటే అవి ఇంగ్లిష్‌లో పుట్టిన తప్పులు కావు. లోపల ఒక తెలుగు వాక్యం, శుభ్రమైన తెలుగు వాక్యం నడుస్తుంటుంది, నోరు దాని మీద ఇంగ్లిష్ మాటలు పేర్చుకుంటూ పోతుంది. కాబట్టి తప్పు దొరికినప్పుడు గ్రామర్ పుస్తకం తీసేముందు, దాని కింద ఏ తెలుగు మాట ఉందో చూడండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇది మొదటినుంచి చివరిదాకా చదవాల్సిన పనిలేదు, మీ బాధ ఏదో చూసుకుని అక్కడికి వెళ్ళండి.

"రూల్స్ అడిగితే చెప్తాను, మాట్లాడమంటే నోరు పెగలదు"

"నేను పోయిన వారం మా తమ్ముడి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళాను." ఇందులో అసలు పని, అంటే 'వెళ్ళాను', చిట్టచివర ఉంది. ఇంగ్లిష్‌కి అది రెండో మాటకే కావాలి. మీరేమో మొత్తం వాక్యాన్ని తెలుగులో తయారుచేసుకుని, చివరి మాటను పట్టుకుని ముందుకు లాక్కొచ్చి, మధ్యలో ఉన్నవాటిని తిరగేసి, అప్పుడు నోరు విప్పుతున్నారు. ఈలోపు ఎదుటి మనిషి వేరే విషయంలోకి వెళ్ళిపోయాడు. ఇక్కడ ఇంకో పది రూల్స్ నేర్చుకున్నా లాభం లేదు, అవి ఇంకాస్త ఆలస్యం చేస్తాయంతే.

చేయాల్సింది: వాక్యాన్ని ముక్కలు చేయండి. మొదటి ముక్కలో ఎవరు, ఏం చేశారు అనేది మాత్రమే. "ఐ వెంట్." అక్కడ ఒక క్షణం ఆగినా ఎవరూ ఏమీ అనుకోరు. తర్వాత "టు రాజమండ్రి", తర్వాత "ఫర్ మై బ్రదర్స్ వెడ్డింగ్", చివర్లో "లాస్ట్ వీక్". మిగతా సామానంతా వెనక బోగీలో వేసుకోవచ్చు, ఇంజన్ మాత్రం ముందు కదలాలి. ఒక వారంపాటు మీరు ఇంట్లో చేసే పనులన్నీ ఇలా రెండేసి మాటల్లో పైకి అనండి: ఐ ఓపెన్డ్, షి కాల్డ్, వి ఏట్, దే లెఫ్ట్. పిచ్చిగా అనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు, అయినా చేయండి.

రెండో వారంలో 4/3/2 మొదలుపెట్టండి. 1983లో కీత్ మారిస్ అనే ఆయన రాసిన పద్ధతి ఇది, తర్వాత భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ దీనికి బాగా ప్రచారం తెచ్చారు. ఒక విషయం మీద నాలుగు నిమిషాలు మాట్లాడతారు, అదే విషయాన్ని ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మళ్ళీ మరొకరికి రెండు నిమిషాల్లో చెప్తారు. కొత్త మాటలేవీ నేర్చుకోరు, ఉన్న మాటలకే వేగం వస్తుంది. నా బ్యాచ్‌లో నాలుగు నిమిషాలంటే భయపడిపోయేవాళ్ళు, అందుకని రెండు, ఒకటిన్నర, ఒకటి అని మార్చుకున్నాను. విషయం గొప్పదేం అక్కర్లేదు, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో చెప్తే చాలు.

"డైలీ ఐ విల్ గో టు ఆఫీస్ అట్ నైన్"

తెలుగువాళ్ళ ఇంగ్లిష్‌కి ఇది ఆధార్ కార్డు లాంటిది. ఎక్కడున్నా పట్టేసుకోవచ్చు.

రోజూ వెళ్తాను. రేపు వెళ్తాను. తెలుగులో రెండింటికీ ఒకటే 'వెళ్తాను', ఏ కాలమో 'రోజూ', 'రేపు' అనే మాటలు చూసుకుంటాయి. ఇంగ్లిష్‌లో వీటికి రెండు వేరువేరు రూపాలు. మనకి చిన్నప్పుడు ఎవరో 'వెళ్తాను అంటే విల్ గో' అని నేర్పారు, అది అలా ఉండిపోయింది. నష్టం ఏమిటంటే, ఇది వినడానికి చిన్న తప్పులా ఉన్నా అర్థాన్నే మార్చేస్తుంది. నాకే జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో విదేశీ క్లయింట్‌తో ఫోన్‌లో "ఐ విల్ చెక్ ద రిపోర్ట్స్ ఎవ్రీ డే" అన్నాను, చాలా ధీమాగా. ఆయన "ఓకే, వెన్ విల్ యు స్టార్ట్?" అన్నాడు. ఆరు నెలల నుంచీ చేస్తున్న పని అది! ఇంటర్వ్యూలో కూడా అంతే, మీ పాత ఉద్యోగం గురించి చెప్తూ అన్నిటికీ విల్ తగిలిస్తే, మీరింకా ఆ పనులు మొదలుపెట్టలేదన్నట్టు వినబడుతుంది.

పరీక్ష ఒకటుంది. మీరు చెప్పబోయే తెలుగు వాక్యంలో 'రోజూ' గానీ 'మామూలుగా' గానీ పెట్టి చూడండి. కుదిరిందంటే విల్ పీకేయండి. సాధన మాత్రం జంటలుగా చేయాలి: "ఐ గో బై బస్. టుమారో ఐ విల్ గో బై ఆటో." "ఐ డ్రింక్ టీ. టుమారో ఐ విల్ డ్రింక్ కాఫీ." రోజుకి పది జంటలు, మీ సొంత జీవితంలోంచే తీసుకోండి, గాంధీగారు, తాజ్ మహల్ ఉండే ఎక్సర్‌సైజు వాక్యాలు వద్దు.

దీనికి తోక ఇంకోటి ఉంది, 'షి వర్క్'. విడ్డూరం ఏమిటంటే తెలుగులో వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని ఒక్క తప్పు లేకుండా మార్చుకుంటూ పోయే మనం, ఇంగ్లిష్‌లో ఒక్క 'స్' దగ్గర తడబడతాం. రూల్ వల్లించే బదులు మీ అమ్మగారి దినచర్య మూడు నిమిషాలు చెప్పండి. షి గెట్స్ అప్, షి మేక్స్ కాఫీ, షి స్కోల్డ్స్ మై ఫాదర్... ప్రతి వాక్యంలో 'స్' తప్పించుకోలేనంతగా వస్తుంది.

"ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే", "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్"

'చూశాను' అనే మాట నిన్నటికీ సరిపోతుంది, 'ఇప్పటికే చూశాను' అనడానికీ సరిపోతుంది. అందుకే హావ్ ఎక్కడ పెట్టాలో మనకి లోపలినుంచి తెలియదు. సులువైన కాపలా ఇది: ఎప్పుడు జరిగిందో చెప్పారా (నిన్న, పోయిన నెల, 2019లో), హావ్ తీసేయండి. "ఐ సా హిమ్ యెస్టర్‌డే." అంతే.

రెండోదాని వెనక ఉన్నది 'నుంచి'. మనం '2019 నుంచి' అంటాం, 'ఐదేళ్ళ నుంచి' అని కూడా అంటాం. ఇంగ్లిష్ ఆ రెండింటినీ విడదీస్తుంది. మొదలైన చోటు చెప్తే సిన్స్, లెక్క చెప్తే ఫర్. ఇక 'చేస్తున్నాను' అంటే 'యామ్ డూయింగ్' అనుకోవడం రెండో పొరపాటు, అప్పట్నుంచి ఇప్పటిదాకా సాగుతున్నదైతే "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్". ఈ ఒక్క వాక్యాన్ని మీ ఉద్యోగం, మీ ఇల్లు, మీ పెళ్ళి పెట్టి బట్టీ కొట్టేయండి. బట్టీ అంటే తప్పని నేననుకోను, కొన్నిటికి అదే దారి.

"ఐ యామ్ అగ్రీ", "డిడ్ యు వెంట్?" లాంటి చిల్లర తప్పులు

"నేను టీచర్ని" అన్నప్పుడు అందులో క్రియే లేదు. అందుకని మొదట్లో యామ్ మరిచిపోతాం, దానికి తిట్లు తింటాం, ఆ భయంతో కనబడిన ప్రతి 'ఐ' పక్కనా 'యామ్' అంటిస్తాం. పక్కన 'ఇంగ్' ఉన్న పని గానీ, పేరో గుణమో గానీ ఉంటే యామ్ ఉంచండి (ఐ యామ్ కుకింగ్, ఐ యామ్ ఎ నర్స్, ఐ యామ్ టైర్డ్). అగ్రీ, కేమ్, గో లాంటి పనిమాట ఒంటరిగా ఉంటే యామ్‌కి అక్కడ పనిలేదు.

డిడ్ వచ్చిందంటే జరిగిపోయిన కాలం బరువంతా అదే మోసేస్తుంది, వెంట్ మళ్ళీ గో అయిపోతుంది. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" కాదు, "ఐ హావ్ టూ బ్రదర్స్", అన్నదమ్ములు ప్రస్తుతం జరుగుతున్న పని కాదు కాబట్టి.

ఎ, యాన్, ద సంగతి అడుగుతారు. తెలుగులో అవి లేవు కాబట్టి అవి చివరికి వస్తాయి, చాలా చివరికి. ఉద్యోగం పేరు ముందు 'ఎ' పెట్టడం ఒక్కటి అలవాటు చేసుకుని మిగతావి ప్రస్తుతానికి వదిలేయమనే నేను చెప్తాను. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షలో కూడా తడుముకోకుండా పొందికగా చెప్పడం, మాటల సంపద, గ్రామర్, ఉచ్చారణ అని నాలుగు అంశాలు చూస్తారు, నాలుగింటికీ సమాన విలువ. అంటే గ్రామర్ మొత్తం కలిపితే పావు వంతు. ఆ పావులో 'ద' వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి.

"నేను సరిగ్గానే చెప్పాను, ఫోన్‌లో అవతలివాళ్ళకి అర్థం కాలేదు"

ఇది గ్రామర్ గొడవ కాదు. కానీ చాలామంది దీన్ని కూడా గ్రామర్ ఖాతాలో వేసుకుని కుమిలిపోతారు.

మనం 'ఎనిమిది' అని రాసి 'యెనిమిది' అంటాం, 'ఒకటి' అని రాసి 'వొకటి' అంటాం. అదే అలవాటుతో ఎవ్రీ కాస్తా యెవ్రీ, ఓన్లీ వోన్లీ, ఎం.ఏ. యెమ్మే అవుతాయి. నోరు ముందే తెరిచి పెట్టుకుని, ఆ తర్వాత గొంతు విప్పండి, ఆ 'య', 'వ' రాలిపోతాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, కారు, ఫ్రెండు అని చివర ఒక 'ఉ' కూడా వస్తుంది, దాన్ని కోసేయాలి. 'ఆస్కెడ్', 'వర్కెడ్' అనకండి, ఆస్క్ట్, వర్క్ట్. 'ట', 'డ' శబ్దంతో ముగిసే మాటలకే 'ఎడ్' విడిగా వినబడుతుంది: వాంటెడ్, నీడెడ్.

వీటన్నిటికంటే పెద్దది, ఎవరూ చెప్పనిది, ఊనిక (స్ట్రెస్). తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఇస్తాం. ఇంగ్లిష్ ఒక్క అక్షరాన్ని గట్టిగా పట్టుకుని మిగతావాటిని మింగేస్తుంది. డెవలప్‌లో 'వె' మీద, హోటల్‌లో 'టెల్' మీద, ఫోటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీకి వచ్చేసరికి రెండోదాని మీద. ఊనిక తప్పితే, శబ్దాలన్నీ సరిగ్గా ఉన్నా విదేశీ చెవికి ఆ మాట అందదు. బల్ల మీద వేలితో కొట్టుకుంటూ చెప్పండి, గట్టి అక్షరానికే దెబ్బ. బీబీసీ లర్నింగ్ ఇంగ్లిష్‌లో '6 మినిట్ ఇంగ్లిష్' అని ఒక కార్యక్రమం ఉంది, అందులోంచి ముప్పై సెకన్లు తీసుకుని, వింటూనే వెనకాలే అనండి, అర్థం గురించి ఆలోచించకుండా, పక్కవాడి పాటకి గొంతు కలిపినట్టు. ఆరు నిమిషాలూ ఒకసారి చేయడం కన్నా ఆ ముప్పై సెకన్లే పదిసార్లు చేయడం నయం. అమెరికా యాస తెచ్చిపెట్టుకోమని మాత్రం అనడం లేదు, అది వినలేం.

"ఇంట్లో బాగానే వస్తుంది, మేనేజర్ ముందు మైండ్ బ్లాంక్"

మాట్లాడేటప్పుడే మీలో ఒక ఇన్విజిలేటర్ నిలబడి ఉంటాడు. భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ దీన్నే మానిటర్ అన్నారు. అది పనిచేయడానికి తీరిక కావాలి, మీటింగులో అది ఉండదు. అందుకని దిద్దుకునే టైము, మాట్లాడే టైము వేరు చేయండి. మాట్లాడేటప్పుడు తప్పొచ్చినా వెనక్కి వెళ్ళకండి. సాయంత్రం కూర్చుని ఏమన్నారో గుర్తు తెచ్చుకుని అప్పుడు దిద్దుకోండి. టెన్షన్‌లో నోరు ఆగిపోకుండా నాలుగు వాక్యాలు జేబులో ఉండాలి: "లెట్ మీ థింక్ ఫర్ ఎ సెకండ్", "కుడ్ యు సే దట్ అగైన్?", "వాట్ ఐ మీన్ ఈజ్...", "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు". ఇవి ఆలోచించకుండా వచ్చేలా ఉండాలి, ఫోన్ మోగగానే హలో అన్నట్టు. అన్నట్టు, ఫోన్‌లో 'చెప్పండి' అనే మర్యాద మాటని 'టెల్ మీ' అని మార్చకండి, విసురుగా వినబడుతుంది.

నవ్వుతారనే భయమా? నా అనుభవంలో విదేశీయులు నవ్వింది తక్కువ. పక్క సీట్లో తెలుగువాళ్ళే నవ్వుతారు.

"మాట్లాడటానికి ఎవరూ లేరు"

ఫోన్ ఉంది కదా. రోజుకి రెండు నిమిషాలు రికార్డు చేసి, అదే రోజు వినండి. విన్నప్పుడు ఒక్క రకం తప్పు మాత్రమే వెతకండి, ఈ వారం విల్ అయితే విల్ ఒక్కటే. మీలాంటివాళ్ళు ఇంకొకరు దొరికితే వాట్సాప్‌లో వాయిస్ మెసేజులు పంపుకోండి, ఒక మెసేజ్‌కి ఒక్క తప్పే చూపించాలనే ఒప్పందంతో. అంతకంటే ఎక్కువ చూపిస్తే మూడో రోజుకి ఎవరో ఒకరు మానేస్తారు. ఇంట్లో ఇంగ్లిష్ మీడియం పిల్లలుంటే తప్పుకో రూపాయి ఇస్తామని చెప్పి చూడండి, వాళ్ళంత కఠినమైన టీచర్లు బయట దొరకరు.

"మూడుసార్లు మొదలుపెట్టి మానేశాను, ఇక వయసు దాటిపోయింది"

వయసు సంగతి సి.పి. బ్రౌన్‌ని అడగాలి. ఆయన తెలుగు నేర్చుకున్నది పెద్దయ్యాకే, మద్రాసులో, కడపలో, మధ్యలో ఉద్యోగం చేసుకుంటూ. తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయింది 1852లో. ఆయనదీ ముప్పై రోజుల కోర్సు కాదు.

మానేయడానికి అసలు కారణం లెక్క తప్పడం. భాష ఎంత వచ్చో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. ఇంగ్లిష్ పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జ్ వాళ్ళు ఇచ్చే అంచనా ప్రకారం అందులో రెండో మెట్టు ఏ2కి సుమారు 180 నుంచి 200 గంటలు, దాని పై మెట్టు బీ1కి మొత్తం 350 నుంచి 400 గంటలు పడతాయి. ఏ2 అంటే రోజువారీ చిన్న చిన్న మాటలు నడపగలగడం, స్కూల్లో చదివి మరిచిపోయిన మనలో చాలామంది దాని దగ్గర్లోనే ఉంటారు. అక్కడి నుంచి బీ1కి, రోజుకి అరగంట చొప్పున, ఏడాది పైచిలుకు. బస్సు మీద అంటించిన ప్రకటన చూసి నెలలో వచ్చేస్తుందనుకుంటే రెండో నెలలో మానేయక ఏం చేస్తారు?

ఇంకో పని చేస్తారు అందరూ. జ్వరమో, పెళ్ళో వచ్చి పది రోజులు ఆగిపోతే, మళ్ళీ కొత్త నోట్‌బుక్ కొని, మొదటి పేజీలో 'పార్ట్స్ ఆఫ్ స్పీచ్' అని రాసుకుని మొదలుపెడతారు. ఆ నోట్‌బుక్ కొనకండి. ఫోన్‌లో ఆఖరి రికార్డింగ్ తీసి విని, అదే విషయం మీద మళ్ళీ రెండు నిమిషాలు మాట్లాడండి.