పాత కారుకు పగటి లైట్లు: డీఆర్‌ఎల్ ఎందుకు, ఎలా బిగించాలి

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డు మీదికి రాత్రిపూట బండ్లను వదలరు. పులుల అడవి కాబట్టి చీకటి పడ్డాక అటవీశాఖ వాళ్ళు గేటు వేసేస్తారు. అంటే ఆ దారిన తిరిగే కార్లూ బస్సులూ అన్నీ పగటిపూటే తిరగాలి. నేను మార్కాపురంలో కార్లకు ఎలక్ట్రికల్ పని చేస్తాను. నా దగ్గరికొచ్చే బండ్లలో చాలావరకు ఆ కొండెక్కి దిగే ట్యాక్సీలే. హెడ్‌లైట్‌కు పెద్ద బల్బు వేయమని వచ్చినవాళ్ళకు, ముందు పగటి లైట్లు, అదే డీఆర్‌ఎల్‌లు (డేటైమ్ రన్నింగ్ లైట్లు) బిగించుకోమని చెబుతుంటాను.

"పగలు లైటెందుకు మేస్త్రీ, డబ్బులు దండగ" అంటారు. ఆ రోడ్డు మీద ఏం జరుగుతుందో ఒకసారి గమనించండి. మిట్టమధ్యాహ్నం ఎండలో పోతున్న బండి ఉన్నట్టుండి చెట్ల నీడలోకి దూరుతుంది. కళ్ళు ఆ నీడకు అలవాటు పడటానికి కొన్ని క్షణాలు పడుతుంది. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి వచ్చే బూడిదరంగు కారు, తారు రోడ్డు, చెట్టు మొదలు అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. ఎదురుగా కారుందని తెలిసేసరికి అది మీదికి వచ్చేసి ఉంటుంది. అదే కారుకు ముందు రెండు తెల్లటి లైట్లు వెలుగుతుంటే, మనం నేరుగా అటు చూడకపోయినా కంటి కొసకు తగులుతాయి. ఓవర్‌టేక్ చేద్దామని స్టీరింగ్ తిప్పబోయినవాడు ఆగిపోతాడు. డీఆర్‌ఎల్ మనకు దారి చూపించడానికి కాదు, మన బండిని ఎదుటివాడికి చూపించడానికి. కొనేటప్పుడూ బిగించేటప్పుడూ ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

ఈ పద్ధతి చలి దేశాల నుంచి వచ్చింది. అక్కడ చలికాలంలో పగలు కూడా వెలుతురు అంతంతమాత్రమే కదా. స్వీడన్‌లో 1977 నుంచే పగలు కూడా లైట్లు వేసి నడపాలి. కెనడాలో 1989 డిసెంబర్ 1 నుంచి తయారైన కొత్త కార్లన్నిటికీ ఇవి తప్పనిసరి. యూరప్‌లో 2011 ఫిబ్రవరి నుంచి కొత్త మోడల్ కార్లకు పెట్టాల్సిందే అన్నారు. మన దేశంలో కార్లకు అలాంటి నిబంధన లేదు. బైకులకు మాత్రం ఉంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లన్నీ ఇంజన్ స్టార్ట్ కాగానే ముందు లైటు వెలిగేలా వస్తున్నాయి. మొదట్లో దారిన పోయేవాళ్ళు వేళ్ళు ఆడిస్తూ "లైటు వెలుగుతోంది" అని సైగలు చేసేవాళ్ళు, గుర్తుందా? ఇప్పుడెవరూ చేయడం లేదు. పగలు బండికి లైటు ఉండటం కంటికి అలవాటైపోయింది.

పగలు కూడా హెడ్‌లైటే వేసుకుంటే పోలా అని అడిగేవాళ్ళున్నారు. వేసుకోవచ్చు. డీఆర్‌ఎల్ కొనే ఉద్దేశం లేకపోతే ఘాట్‌లో లోబీమ్ (డిమ్ లైటు) వేసుకుని వెళ్ళండి, అదీ మంచిదే. కాకపోతే మామూలు హెచ్4 బల్బు లోబీమ్‌లో 55 వాట్లు తీసుకుంటుంది. రెండు కలిపితే 110. దానికి తోడు వెనక లైట్లు, నంబర్ ప్లేటు లైటు, మీటర్ లైటు. రోజంతా అలా వెలిగితే బల్బు తొందరగా పోతుంది, వేడికి హోల్డర్ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. బండి దిగి లైటు ఆపడం మరిచిపోతే బ్యాటరీ డౌన్. మంచి డీఆర్‌ఎల్ జత మొత్తం కలిపి 15, 20 వాట్లకు మించదు. తాళం తిప్పితే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది. గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు.

కొనేటప్పుడు

షాపులో చూపించే వాటిలో సగం అలంకారానికి పనికొచ్చేవే. జిగురుతో అంటించే మెత్తటి స్ట్రిప్పులు, పాకే లైట్లు, రంగులు మారేవి రాత్రి మెరుస్తాయి, మిట్టమధ్యాహ్నం ఎండలో వెలుగుతున్నాయో లేదో కూడా తెలియదు. రెండు వానలు పడితే లోపలికి నీళ్ళు దిగుతాయి. అవి వద్దు.

అసలైన డీఆర్‌ఎల్‌కు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. ఒక్కో లైటు నేరుగా ముందుకు 400 నుంచి 1200 క్యాండెలాల కాంతి ఇవ్వాలి. అంతకు తగ్గితే ఎండలో కనబడదు, మించితే ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది. ఆ పరీక్ష నెగ్గిన లైటు అద్దం మీద చిన్న గుండ్రటి గీతలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, ఒక అంకె, వాటి దగ్గరే ‘ఆర్‌ఎల్’ అనే అక్షరాలు ఉంటాయి. అవి అద్దంతో పాటే అచ్చులో వచ్చి, గోటితో తడిమితే చేతికి తగలాలి. స్టిక్కర్ మీద ఉంటే నమ్మొద్దు. దాంతోపాటు ఐపీ67 అని ఉందో లేదో చూడండి, నీళ్ళకూ దుమ్ముకూ తట్టుకుంటుందని దాని అర్థం. వెనకవైపు అల్యూమినియం బాడీ ఉంటే వేడి బయటికి పోతుంది, ఎల్‌ఈడీ ఎక్కువ కాలం బతుకుతుంది.

రంగు తెలుపే. బండికి ముందువైపు ఎరుపు కాంతి కనబడకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 108వ రూలే చెబుతోంది. నీలం, ఎరుపు మిణుకుమనే లైట్లు అంబులెన్సుకూ ఫైరింజన్‌కూ పోలీసు బండికీ వదిలేయండి. ఎవరైనా వాటిని చూసి దారిస్తున్నారంటే లోపల ప్రాణం మీదికొచ్చిన మనిషి ఉన్నాడనే కదా.

ఎక్కడ బిగించాలి

తక్కువ మోడల్ కార్లలో ఫాగ్ లైటు చోట ఖాళీ ప్లాస్టిక్ మూత ఉంటుంది. అంతకంటే మంచి చోటు లేదు. ఆ మూత ఊడదీసి బల్ల మీద పెట్టుకుని, దానికే లైటు బిగించి మళ్ళీ పెట్టేయొచ్చు. బంపర్‌కు రంధ్రం పడదు. రేపు బండి అమ్మేటప్పుడు కొత్త మూత కొని వేస్తే సరిపోతుంది.

అలాంటి చోటు లేకపోతే బంపర్ కింది జాలీలో పెట్టండి. నేల నుంచి ఎత్తు 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 150 దాటకూడదు. రెండు లైట్ల లోపలి అంచుల మధ్య కనీసం 60 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఈ దూరం మీద నాకు పట్టింపు ఎక్కువ. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే దూరం నుంచి ఒకటే లైటులా కనబడతాయి, బండి ఎంత వెడల్పో, ఎంత దూరంలో ఉందో ఎదుటివాడికి అంచనా దొరకదు. ఇండికేటర్‌కు మరీ ఆనుకుని పెడితే ఆ తెలుపులో పసుపు మునిగిపోతుంది, మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు. రేడియేటర్‌కు గాలి వెళ్ళే దారికీ అడ్డం రాకూడదు.

రంధ్రం వేసే ముందు మాస్కింగ్ టేపుతో లైట్లను అంటించి, ముందుకు పది అడుగులు నడిచి వెనక్కి తిరిగి చూడండి. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, నేరుగా ముందుకే చూస్తున్నాయా? టేపు కొలతలో సరిగ్గా ఉన్నా, బంపర్ వంపు వల్ల కంటికి ఒకటి కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. కంటిని నమ్మండి.

వైరింగ్

అసలు పని ఇక్కడుంది. ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీయండి. కరెంటు కొలవాల్సినప్పుడు మాత్రం తగిలించి, కొలిచాక మళ్ళీ తీసేయండి.

లైట్లను నేరుగా బ్యాటరీకి కలిపి, డాష్‌బోర్డులో ఒక స్విచ్చి పెట్టి పంపేసే మేస్త్రీలు ఉన్నారు. అలా ఒప్పుకోవద్దు. స్విచ్చి వేయడం సగం రోజులు మరిచిపోతారు, ఆపడం మిగతా సగం రోజులు మరిచిపోతారు. పైగా రాత్రి హెడ్‌లైట్‌తో పాటు అవి కూడా వెలుగుతూ ఎదుటివాడి కళ్ళలో పడతాయి. తాళంతో వెలగాలి, పార్కింగ్ లైటు వేయగానే ఆరాలి. అందుకు కావాల్సింది ఒక్క రిలే, అంటే కరెంటు అందితే దానంతటదే మారే చిన్న స్విచ్చి.

ఐదు కాళ్ళ రిలే తీసుకోండి. కాళ్ళ పక్కనే 30, 85, 86, 87, 87ఏ అని నంబర్లుంటాయి. నడిమధ్య కాలు 87ఏ అయ్యుండాలి. కొన్ని ఐదు కాళ్ళ రిలేల్లో మధ్య కాలు మీద కూడా 87 అనే ఉంటుంది. చూడటానికి అచ్చం ఒకేలా ఉంటాయి గానీ అవి ఈ పనికి రావు. వెలుతురులో పెట్టి నంబరు చదివి మరీ కొనండి.

30వ కాలికి తాళం ఆన్ చేస్తేనే వచ్చే కరెంటు ఇవ్వాలి. ఫ్యూజు బాక్సులో మల్టీమీటర్ పెట్టి చూడండి. తాళం తీస్తే సున్నా, ఆన్ చేస్తే 12 వోల్టులు చూపించే చోటు కావాలి. వైపర్ ఫ్యూజు చాలా బండ్లలో ఇలాగే ఉంటుంది. అక్కడ ఫ్యూజు ట్యాప్ (ఉన్న ఫ్యూజు చోటు నుంచే ఇంకో లైన్ తీసే ముక్క) గుచ్చి, మన లైన్‌కు విడిగా 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. 20 వాట్ల జత ఒకటిన్నర ఆంపియర్లే తీసుకుంటుంది కాబట్టి 3 చాలు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ బ్రేకులు, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్), ఫ్యూయల్ పంపు ఫ్యూజుల జోలికి మాత్రం పోవద్దు. పసుపు రంగు కప్లర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి, చెయ్యి పెట్టకండి.

87ఏ నుంచి రెండు లైట్ల ప్లస్ వైర్లకు లైన్ వెళుతుంది. 86వ కాలు పార్కింగ్ లైటు ప్లస్ వైరుకు, 85 ఎర్త్‌కు, అంటే బండి ఇనుప బాడీకి. లైట్ల మైనస్ వైర్లూ ఎర్త్‌కే. 87 ఖాళీ. దాని సాకెట్‌లో వైరు ఉంటే కొనను స్లీవ్‌తో మూసేయండి, పార్కింగ్ వేసినప్పుడు దాంట్లోకి కరెంటు వస్తుంది. ఇక తాళం తిప్పగానే 30 నుంచి 87ఏకి దారి తెరిచే ఉంటుంది కాబట్టి డీఆర్‌ఎల్ వెలుగుతుంది. పార్కింగ్ వేస్తే రిలే ‘టిక్’మని ఆ దారి తెంచేస్తుంది.

86వ కాలికి హెడ్‌లైట్ వైరు కాకుండా పార్కింగ్ వైరే ఎందుకంటే, కొన్ని కార్లలో హెడ్‌లైట్‌కు ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, స్విచ్చి మైనస్‌ను కలుపుతుంది. అది తెలియక కలిపితే పనంతా తిరగబడుతుంది.

కిట్‌తో పాటు చిన్న కంట్రోలర్ డబ్బా వస్తే కూడా పని జరుగుతుంది. అయితే కొన్ని డబ్బాలు బ్యాటరీ వోల్టేజి చూసి వెలుగుతాయి. ఇంజన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ 14 వోల్టుల దగ్గర ఇస్తుంది, ఆపితే 12.6కు దిగుతుంది, ఆ తేడానే దానికి గుర్తు. ఈమధ్య కార్లలో డీజిల్, పెట్రోల్ ఆదా కోసం ఆల్టర్నేటరే మధ్యమధ్యలో వోల్టేజి తగ్గించుకుంటుంది. అప్పుడు లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. నా ఓటు రిలేకే.

జాయింట్ల దగ్గర బద్ధకం వద్దు. వైర్లు మెలిపెట్టి టేపు చుడితే ఒక వానాకాలం గడిచాక విప్పి చూడండి, రాగి మీద పచ్చటి చిలుం పట్టి ఉంటుంది. లైటు మసకబారిందని తెచ్చిన బండ్లలో నేను ఎక్కువగా చూసేది అదే. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద రింగు లగ్గు బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ రాయండి. వైరు ఒక చదరపు మిల్లీమీటరుది చాలు. గీతల పైపులో దూర్చి, ఫ్యానుకూ బెల్టుకూ సైలెన్సర్‌కూ దూరంగా టై కట్టండి.

కొత్త కారు, ఇంకా వారంటీలో ఉందంటే ఒక్క వైరు కూడా కోయవద్దు. ఈ బండ్లలో లైట్లను కంప్యూటర్ మాడ్యూల్ చూసుకుంటుంది, మధ్యలో మనం దూరితే మీటర్‌లో హెచ్చరిక వెలుగుతుంది, ఎలక్ట్రికల్ వారంటీ పోతుంది. అదే కారు పై మోడల్‌కు కంపెనీ డీఆర్‌ఎల్ ఉందేమో షోరూమ్‌లో అడగండి. ఏది బిగించినా ఇన్సూరెన్స్ వాళ్ళకు ఒక ముక్క రాసి తెలియజేయడం మంచిది.

బిగించాక

తాళం తీసి చూడండి, ఆరి ఉండాలి. ఆన్ చేస్తే రెండూ ఒకే వెలుగుతో వెలగాలి. పార్కింగ్ వేస్తే ఆరాలి. ఇండికేటర్ వేసి ముందు నిలబడి చూడండి. ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం బండిని దూరంగా పెట్టి, వంద గజాల నుంచి చూడండి. సాయంత్రం చెట్టు నీడలో కూడా చూడండి. అప్పుడు కళ్ళు చికిలించాల్సి వస్తే లైటు ఎక్కువైనట్టే.

వానలోనూ పొగమంచులోనూ సందెచీకట్లోనూ మాత్రం డీఆర్‌ఎల్‌ను నమ్ముకోవద్దు. అది వెలిగితే వెనక లైట్లు వెలగవు. ముందు వెలుతురు కనబడుతోంది కదా అని హెడ్‌లైట్ వేయడం మరిచిపోతే, వెనకొచ్చే లారీ వాడికి మీరు లేనట్టే. వైపర్ వేసిన మరుక్షణం హెడ్‌లైట్ వేయడం చేతికి అలవాటు చేసుకోండి.

బండి కడిగినప్పుడల్లా రెండు లైట్లూ వెలుగుతున్నాయో లేదో చూడండి. ఒకటి పోతే, కొత్తది వచ్చేదాకా డీఆర్‌ఎల్ ఫ్యూజు తీసేసి రెండోదాన్ని కూడా ఆపి, లోబీమ్‌తో నడపండి. ఇప్పుడు రోడ్డు మీద పగలు ఒంటి లైటుతో వచ్చేవి బైకులే. ఒక్క డీఆర్‌ఎల్ వెలుగుతున్న కారును చూసి ఎదుటివాడు బైకే కదా అని దానికి సరిపడా జాగానే వదులుతాడు.